పెళ్లయ్యాక వాకబు

ఆ సోమవారం ఉదయం హనుమంతరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి రొయ్యల చెరువుల మీదికి వెళ్లి మేత వేయించాలి. పదింటికి భీమవరం వెళ్లి కూతురి వీసా కాగితాలు ఢిల్లీకి కొరియర్ చేయాలి. ఒంటిగంటకి ఇంటికొచ్చి భోంచేయాలి. ఈ మూడింటిలో ఆయన సవ్యంగా చేసింది మొదటిదీ మూడోదీ మాత్రమే.

కూతురు శ్రీసత్య రొయ్యల జబ్బుల మీద శిక్షణ కోసం 2002లో ఆస్ట్రేలియా వెళ్లింది. పద్నాలుగు నెలల తర్వాత తిరిగి వస్తూ సూట్‌కేసులో రెండు సర్టిఫికెట్లు తెచ్చింది. ఒకటి శిక్షణ పూర్తి చేసినట్టు. రెండోది పెళ్లి చేసుకున్నట్టు. పెళ్లికొడుకు పేరు కిరణ్, బ్రిస్బేన్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో ఇంజినీరు. అతని ముత్తాత ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి ఓడెక్కి ఫిజీ దీవులకి పోయాడట. కిరణ్ పుట్టింది ఫిజీలో, పెరిగింది ఆస్ట్రేలియాలో. తల్లీ తండ్రీ లేరు.

శ్రీసత్య తల్లి అలివేలుమంగ ఫోటో చూసి, అల్లుడి ముక్కు బాగుందని తేల్చి, ఆ పూటే పరమాన్నం వండేసింది. హనుమంతరాజుకి మాత్రం అల్లుడి ప్రతి మాటా అనుమానంగానే ఉండేది. కిరణ్ ఫోన్లో, "నమస్కారమండి మామయ్యగారండి, తమరు కులాసాయేనాండి?" అనేవాడు. "ఇంత మర్యాద ఎందుకు? ఏదో దాస్తున్నాడు," అనేవాడు ఈయన, ఫోన్ పెట్టేసి.

అసలు ఆయన బాధ పెళ్లి గురించి కాదు, వాకబు గురించి. ఆ ప్రాంతంలో పిల్లనిచ్చే ముందు పెళ్లికొడుకు ఊరు వెళ్లాలి. మంగలి షాపులో గడ్డం గీయించుకోవాలి, టీ కొట్టు దగ్గర కూర్చోవాలి, పాలు పోసే ఆవిడని పలకరించాలి. "మా చుట్టాలమ్మాయికి చూస్తున్నామండి, కుర్రాడెలాంటివాడు?" అని మెల్లిగా అడగాలి. అడిగేది ఎవరో, పిల్ల ఎవరో బయటపడకూడదు. బయటపడితే మొహమాటానికి అందరూ మంచే చెబుతారు. హనుమంతరాజు ఈ విద్యలో ఆరితేరినవాడు. బంధువుల్లో పదకొండు సంబంధాలు ఆయన వాకబు వల్ల కుదిరాయి, పందొమ్మిది చెడిపోయాయి. అంతటివాడు సొంత అల్లుడి గురించి ఎవర్నీ ఒక్క ముక్క అడక్కుండానే మామగారైపోయాడు.

శ్రీసత్య మళ్లీ భర్త దగ్గరికి వెళ్లే దారి ఎంచుకోవడానికే ఇంట్లో వారం రోజులు పట్టింది.

"రెండు దారులున్నాయండి నాన్నగారూ," అంది శ్రీసత్య. "ఒకటి, నేను విజిటర్ వీసా మీద వెళ్లిపోయి, అక్కడికెళ్లాక భార్యనని అప్లై చేసుకోవడం. ఇద్దరం ఒకచోటే ఉంటాం. రెండోది, ఇక్కణ్ణించే భార్య వీసాకి అప్లై చేసి, వచ్చేదాకా ఇక్కడే ఉండటం. దానికి ఎనిమిది నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు."

"ఏడాదా?" హనుమంతరాజు ముఖం వెలిగింది. "ఆ రెండోదే మంచిది."

"మొదటిదే మంచిదంటున్నారండి ఆయన."

"అంటాడు. చుట్టంచూపుకని చెప్పి వెళ్లి కాపురం పెట్టేస్తావా? విమానం దిగ్గానే ఆపి, 'ఏమ్మా, చూడ్డానికొచ్చావా, ఉండటానికొచ్చావా' అంటే ఏం చెబుతావ్? ఆ దారిలో ఏదో ఉంది. మన దారి మర్యాదగా ఉండాలి."

సలహా మరీ చెడ్డదేం కాదు. తండ్రి తన పెళ్లి గురించి నోరు విప్పి మాట్లాడటం అదే మొదటిసారి. అందుకే శ్రీసత్య ఒప్పుకుంది. ఆయనకి కావలసింది మర్యాద కాదనీ, వాకబుకి వ్యవధి అనీ ఆమెకి తెలియదు.

ఆ సోమవారం హనుమంతరాజు కొరియర్ ఆఫీసుకి వెళ్లే ముందు బస్టాండు బెంచీ మీద కూర్చుని వీసా ఫైలు విప్పాడు. ఫారంలో మూడు చిరునామాలు దొరికాయి. కిరణ్ అద్దెకుండే ఇంటి యజమానురాలు, కోల్డ్ స్టోరేజీ మేనేజరు, ఆ ఊరి తెలుగు సంఘం కార్యదర్శి. రొయ్యల మేత కరపత్రం వెనక మూడూ ఎక్కించుకున్నాడు. మంగలి, టీ కొట్టు, పాలావిడ దొరికేసినట్టే.

ఫైలు కొరియర్‌లో పడేసి, పోస్టాఫీసు ఎదురుగా ఉన్న గణేష్‌బాబు టైపు ఇనిస్టిట్యూట్‌కి వెళ్లాడు.

"మూడు ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టాలి గణేష్‌బాబూ. కుర్రాడి వాకబు."

"ఏ ఊరండి కుర్రాడిది?"

"బ్రిస్బేను."

గణేష్‌బాబు కళ్లజోడు సర్దుకున్నాడు. "వాకబు ఉత్తరాలు బోల్డు కొట్టానండి. తణుకు దాటి ఎప్పుడూ వెళ్లలేదండి."

"నా పేరు పడకూడదు. మా ఊరి పేరు పడకూడదు."

"పేరు లేకపోతే అక్కడోళ్లు జవాబివ్వరండి రాజుగారు."

"నీకు తోచిన పేరు పెట్టు. తోచిన కూతుర్ని పెట్టు. నాకు మాత్రం చెప్పకు."

"మీక్కూడానా అండి?"

"నాకే ముందు. రేపెవరైనా నిలదీస్తే నాకేం తెలీదని ఒట్టేసి చెప్పగలగాలి. ఎవరు అడిగినా నా పేరు చెప్పనని ఒట్టెయ్యి. జవాబులొస్తే నీ దగ్గరే ఉంచు. కబురు పెట్టకు, ఇంటికి రాకు. నేనే వస్తాను."

గణేష్‌బాబు ఒట్టేశాడు. హనుమంతరాజు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గణేష్‌బాబు పెళ్లికూతురి తండ్రి పేరు బుల్లబ్బాయి అని కొట్టాడు. గోదావరి జిల్లాల్లో వీధికో బుల్లబ్బాయి ఉంటాడు, ఎవరూ పట్టుకోలేరని అతని ధీమా. కూతురు హారతి, ఇరవై రెండేళ్లు, లేసు అల్లిక వచ్చు. 'తమకు తెలిసిన కిరణ్ అను కుర్రవానిని మా హారతికి అనుకొనుచున్నాము. అలవాట్లు ఎట్టివి, నడవడి ఎట్టిది, ఇదివరకు వివాహమేమైనా అయినదా, దయచేసి రహస్యముగా తెలియజేయగలరు.' ఇదంతా చక్కని ఇంగ్లీషులో కొట్టి, బుల్లబ్బాయి అని సంతకం పెట్టి, కింద ఇనిస్టిట్యూట్ పేరూ, పోస్టు బాక్సు నంబరూ వేశాడు.

ఒంటిగంటకి హనుమంతరాజు ఇంట్లో తృప్తిగా భోంచేశాడు.

సెప్టెంబరులో ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. శ్రీసత్య నిలబడి విప్పింది, సగం చదివి కూర్చుంది.

వీసా ఆఫీసువాళ్లు మామూలు విచారణ కోసం ఇంటి యజమానురాలికీ మేనేజరుకీ ఫోన్ చేశారు. ఇద్దరూ తమకొచ్చిన వింత ఉత్తరాల సంగతి చెప్పి, వాటిని ఆఫీసుకి పంపించేశారు. దాంతో నోటీసు వచ్చింది. 'మీ భర్తగా మీరు పేర్కొన్న వ్యక్తికి మీ జిల్లాకే చెందిన బుల్లబ్బాయి అనే ఆయన తన కుమార్తె, ఇరవై రెండేళ్ల హారతిని ఇచ్చేందుకు సంప్రదింపులు జరుపుతున్నట్టు తెలిసింది. మీ వివాహం నిజమైనదేనా అన్న సందేహం కలుగుతున్నది. ఇరవై ఎనిమిది రోజుల్లో తగిన సంజాయిషీ రాకపోతే మీ దరఖాస్తు తిరస్కరిస్తాము.' తిరస్కరిస్తే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. పైగా దొంగ పెళ్లి అన్న మచ్చ ఫైల్లో ఉండిపోతుంది.

"నే చెప్పానా!" అన్నాడు హనుమంతరాజు. ఆయన గొంతులో కోపం ఎంత ఉందో సంతోషమూ అంతే ఉంది.

"ఏం చెప్పారండీ? ఎప్పుడు చెప్పారు?" అంది అలివేలుమంగ కళ్లు తుడుచుకుంటూ.

"మనసులో చెప్పుకున్నాను. మన ఊరి పక్కనే ఇంకో మామగారిని తయారుచేసుకున్నాడు. ఎంత గుండె!"

శ్రీసత్య వెంటనే బ్రిస్బేన్‌కి ఫోన్ చేసింది.

"హారతి ఎవరండి?"

"అది నేనే తమరిని అడుగుదామనుకున్నానండి," అన్నాడు కిరణ్. "మా మేనేజరుగారు కూడా ఏదో లెటర్ చూపించి నవ్వారండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"బాధపడతారనండి."

ఆ జవాబు నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఏ మొగుడు చెప్పినా అది అబద్ధంలాగే వినిపిస్తుంది.

"ఆ లెటర్ నాకు ఫ్యాక్స్ చేయండి," అంది శ్రీసత్య. మేనేజరు, యజమానురాలు తమ ఉత్తరాలు వీసా ఆఫీసుకి ఇచ్చేశారు. మూడోది తెలుగు సంఘం కార్యదర్శి దగ్గరుందని తెలిసింది కానీ, ఆయన సెలవు మీద ఎక్కడికో పోయాడు. రాగానే పంపిస్తానన్నాడు కిరణ్. "కార్యదర్శి సెలవులో ఉన్నాడట!" అని హనుమంతరాజు భార్య వైపు చూసి తలాడించాడు.

హనుమంతరాజు మాత్రం సెలవులో లేడు. ఆ రాత్రంతా తనకి తెలిసిన బుల్లబ్బాయిలందరినీ మనసులో వరసలో నిలబెట్టి ఒక్కొక్కర్నే కొట్టేశాడు. తెల్లారేసరికి ఒక్కడే మిగిలాడు. నరసాపురం ఐసు ఫ్యాక్టరీ బుల్లబ్బాయి. మొన్న వేసవిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, "మీ అల్లుడుగారిది కోల్డ్ స్టోరేజీ అటగదండి, ఎంత పెద్దదండి?" అని అడిగినవాడు. అప్పుడే అనుమానించాల్సింది.

మోటారుసైకిలు మీద నరసాపురం వెళ్లాడు. బుల్లబ్బాయి ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి ఐసు దిమ్మలు చేపల లారీకి ఎక్కిస్తున్నాడు.

"హారతి బాగుందాండి బుల్లబ్బాయిగారూ?"

"ఎవరండి హారతి?"

"మీ అమ్మాయండి."

"భలేవారే. నాకు నలుగురూ మగపిల్లలేనండి."

"ఇంట్లో నలుగురు మగపిల్లలని ఊరందరికీ తెలుసు. నేనడిగేది ఇరవై రెండేళ్ల హారతి గురించి. మా అల్లుడికి ఇద్దామనుకుంటున్న హారతి గురించి."

బుల్లబ్బాయి నోరు తెరిచాడు. కానీ మాట వచ్చింది అతని నోట్లోంచి కాదు, వెనకనుంచి. క్యారేజీ పట్టుకుని అతని భార్య సూర్యకళ నిలబడి ఉంది.

"ఇరవై రెండేళ్లా?" అందావిడ. "ఇరవై మూడేళ్ల కిందట ఐసు మిషను బిగించడం నేర్చుకుంటానని మీరు కాకినాడలో మూణ్ణెల్లున్నారు."

"సూర్యకళా, అది మిషను కోసమే..."

"మిషనుకి పుట్టిందా హారతి?"

బుల్లబ్బాయి ముఖం ఐసు దిమ్మలా అయిపోయింది. అది చూసి హనుమంతరాజుకి మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది. తప్పు చేయనివాడు అంతగా తెల్లబోడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో సూర్యకళ పెట్టెతో సహా హనుమంతరాజు ఇంట్లో దిగింది. "హారతి వాళ్లమ్మ పేరు చెప్పండి రాజుగారు. చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలనండి."

"తెలిస్తే చెప్పనా అమ్మా?"

"తెలీకుండా వయసెలా తెలిసిందండి?"

హనుమంతరాజు ఢిల్లీ నోటీసు తెచ్చి చూపించాడు. సూర్యకళ వసారాలో మకాం వేసింది. ఊరికే కూర్చోలేక అలివేలుమంగకి లేసు అల్లడం నేర్పడం మొదలుపెట్టింది. బుల్లబ్బాయి రోజూ జీపులో వచ్చి, తనకి కూతుళ్లు లేరని గుమ్మంలో నిలబడి ప్రమాణం చేసి, అలివేలుమంగ పిలిస్తే భోంచేసి, మళ్లీ ప్రమాణం చేసి వెళ్లేవాడు. "ఇంత మంచి భోజనం పెట్టే ఇంట్లో ఇంత అన్యాయమేంటండి?" అనేవాడు వెళుతూ.

శ్రీసత్య మాత్రం గోడ మీది క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ కూర్చుంది. రాసిన సంజాయిషీలన్నీ చించేసింది. హారతి ఎవరో తెలియకుండా హారతి లేదని ఎలా రాస్తుంది? కిరణ్ ఫోన్ చేస్తే మాట్లాడేది, కానీ నవ్వేది కాదు. ఒకసారి కిరణ్, "తమరు కూడా నమ్మడం లేదాండి?" అని అడిగాడు. ఆమె, "నాకు నమ్మాలనే ఉంది," అని ఫోన్ పెట్టేసింది.

ఇరవై నాలుగో రోజున ఫ్యాక్స్ వచ్చింది. ఎస్టీడీ బూత్‌లో అది మిషన్లోంచి బయటికి వస్తుండగానే శ్రీసత్య చదివేసింది. పరుగున ఇంటికొచ్చి కింది వరస చూపించింది. తిరుగు చిరునామా, భీమవరం పోస్టాఫీసు ఎదురుగా ఉన్న టైపు ఇనిస్టిట్యూట్‌ది.

హనుమంతరాజు ఆ వరస రెండుసార్లు చూశాడు. ఇంకొకడైతే అక్కడే నాలుక కరుచుకునేవాడు. ఆయన బుర్ర అలా పనిచేయదు. "నమ్మకద్రోహి!" అని అరిచాడు. "నా పని చేస్తూనే ఈ బుల్లబ్బాయి పనీ చేశాడన్నమాట! నా దగ్గర కూపీ లాగి వీడికి అమ్మేశాడు!"

"మీ పనేంటండి నాన్నగారూ?" అంది శ్రీసత్య.

"ఏదో... చెరువుల పని."

ఆమె తండ్రిని కాస్త ఎక్కువసేపే చూసింది. అందరూ బుల్లబ్బాయి జీపెక్కారు. దారంతా సూర్యకళ మొగుడి పక్కన కూర్చోలేదు.

ఇనిస్టిట్యూట్‌లో ఆరుగురు విద్యార్థులు ఆరు మిషన్ల మీద టకటకలాడిస్తున్నారు. హనుమంతరాజు ఫ్యాక్స్ కాగితం బల్ల మీద పరిచాడు.

"ఇది కొట్టింది నువ్వేనా?"

"నేనేనండి," అన్నాడు గణేష్‌బాబు సంతోషంగా. తన పని ఆస్ట్రేలియా దాకా వెళ్లి తిరిగి రావడం అతనికి గర్వంగా ఉంది.

"ఎవరు కొట్టించారు?"

గణేష్‌బాబు ఆయన్నీ, వెనకున్న వాళ్లనీ చూశాడు. "చెప్పకూడదండి. ఒట్టు వేయించుకున్నారండి."

"ఆ ఒట్టు నేను తీసేస్తున్నాను."

"మీరే తీసేస్తున్నారా అండి?"

"నేనే తీసేస్తున్నాను."

"అయితే కాస్త పక్కకి రండి, చెబుతాను."

"పక్కకెందుకు? ఇక్కడే చెప్పు! పచ్చని కాపురంలో నిప్పులు పోసిన ఆ మనిషెవరో నలుగురూ వినాలి. నా కూతురు వినాలి. ఈ సూర్యకళగారు వినాలి. గట్టిగా చెప్పు!"

గణేష్‌బాబు నలుగురి వైపూ తిరిగాడు. తర్వాత గట్టిగానే చెప్పాడు.

"మీరేనండి రాజుగారు."

ఆరు టైపు మిషన్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"పేరూ, కూతురూ నాకు తోచినట్టు పెట్టమన్నారు, మీకు చెప్పొద్దన్నారు. అందుకే బుల్లబ్బాయి అని పెట్టానండి. హారతి కూడా నేనే పెట్టానండి," అని గణేష్‌బాబు మిగతాది మెల్లిగా పూర్తి చేశాడు.

"హారతి లేదా?" అంది సూర్యకళ, కాస్త నిరాశగా.

శ్రీసత్య తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "పెళ్లయిపోయిన అల్లుడి మీద వాకబా నాన్నగారూ?"

"పెళ్లికి ముందు చేయనిచ్చావా అమ్మా?" అన్నాడు హనుమంతరాజు. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "ఊళ్లో ఎవరి పిల్లకైనా నేనే తిరిగాను. ఎండలో తిరిగాను, వానలో తిరిగాను. నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి సర్టిఫికెట్ చూపించి 'అయిపోయిందండి' అన్నావు. నేనేం చేయను?"

శ్రీసత్య తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేసింది. "నాలుగు రోజులే ఉన్నాయి," అంది. "మా నాన్నగారే బుల్లబ్బాయి అని ఢిల్లీకి రాయాలి. ఎవరు నమ్ముతారు? ఇంకో అబద్ధం అల్లామంటారు."

 గణేష్‌బాబు చెయ్యెత్తాడు. "మరి ఆ జవాబులు ఏం చేయమంటారండి?"

"ఏ జవాబులు?" అన్నారు అందరూ.

గణేష్‌బాబు సొరుగు లాగి మూడు కవర్లు తీశాడు. జులైలో వచ్చాయి. ఇంకా అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. "కబురు పెట్టొద్దన్నారు, ఇంటికి రావద్దన్నారు, మీరే వస్తానన్నారు. రాలేదండి."

వెంటనే వెళ్తే ఎవరి కంటైనా పడతానని, కూతురి వీసా ఫైలు కదిలేదాకా ఆగుదామని హనుమంతరాజు వాయిదా వేశాడు. నోటీసు వచ్చాక బుల్లబ్బాయి వేటలో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

శ్రీసత్య మొదటి కవరు విప్పింది. ఇంటి యజమానురాలు రాసింది. 'అయ్యా, మీ హారతిని వేరేచోట ఇచ్చుకోండి. ఈ అబ్బాయికి పెళ్లయింది. భార్య ఇండియాలో ఉంది. ఆమె కుండీలో వేసి వెళ్లిన కరివేపాకు మొక్కకి తనే నీళ్లు పోస్తాడు, నన్ను ముట్టుకోనివ్వడు. ఆదివారం ఆమెతో ఫోన్లో మాట్లాడాక రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడడు.'

రెండోది మేనేజరుది. 'పనిమంతుడు, తాగడు. కానీ పెళ్లయినవాడు. భార్య వీసా గురించి రోజుకి నాలుగుసార్లు చెప్పి మా ప్రాణం తీస్తున్నాడు. ఆమె త్వరగా వస్తే మా కోల్డ్ స్టోరేజీ బాగుపడుతుంది.'

మూడోది తెలుగులో ఉంది. బుల్లబ్బాయి తీసుకుని పైకి చదివాడు. "'పెళ్లయినవాడికి పిల్లనిస్తానంటారా? మీకు సిగ్గూ శరమూ ఉన్నాయా బుల్లబ్బాయిగారూ?'" కాగితం దించి దీనంగా చూశాడు. "నన్నెందుకు తిడుతున్నాడండి?"

అప్పటికి శ్రీసత్య నవ్వుతోంది, ఏడుస్తోంది. కవర్ల మీద జులై నెల ముద్రలున్నాయి. వీసా ఆఫీసు ఫోన్ చేయడానికి రెండు నెలల ముందు, ముక్కూ మొహం తెలియని మనిషికి, ఆ పెళ్లి నిజమని ముగ్గురు సాక్షులు రాసిచ్చిన కాగితాలవి. ఏ లాయరు చుట్టూ తిరిగినా అలాంటివి సంపాదించలేరు.

ఆ సాయంత్రమే గణేష్‌బాబు మిషను మీద హనుమంతరాజు వాంగ్మూలం తయారైంది. ఈసారి ఆయన గోడవైపు తిరగలేదు, ప్రతి మాటా తనే చెప్పి కొట్టించి సొంత పేరుతో సంతకం పెట్టాడు. మూడు ఉత్తరాలూ కవర్లతో సహా ఢిల్లీకి వెళ్లాయి. సూర్యకళ పెట్టె సర్దుకుంది. హారతి లేదన్న సంగతి ఒప్పుకుంది కానీ, కాకినాడ సంగతి ఇంటికెళ్లాక విడిగా తేల్చుకుంటానని మొగుడికి చెప్పింది.

పదకొండో రోజున వీసా వచ్చింది.

హైదరాబాదు విమానాశ్రయంలో శ్రీసత్య తండ్రి కాళ్లకి దండం పెట్టింది. "ఇప్పటికైనా ఆయన మీద నమ్మకం కుదిరిందాండి నాన్నగారూ?"

"కుదిరిందమ్మా. బంగారంలాంటి కుర్రాడు." హనుమంతరాజు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కానీ ఒక్కటే. ముప్ఫై సంబంధాలకి వాకబు చేశాను. ముగ్గుర్ని అడిగితే ఒకడైనా ఏదో వంక పెట్టేవాడు. ఇక్కడ ముగ్గురిలో ఒక్కరూ వంక పెట్టలేదు. ముందే చెప్పి పెట్టుకున్నాడంటావా?"

శ్రీసత్య జవాబు చెప్పకుండా ఆస్ట్రేలియా వెళ్లిపోయింది.